మామ కత్తికి నూనె

మా మామ పోయాడు. పులివెందుల ఆస్పత్రిలో పొద్దున్నే ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, "ఇది టీనా, గిన్నె కడిగిన నీళ్లా?" అని నర్సును తిట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఇటు తిరగలేదు. నేను ఆయన పెద్దకోడలిని, మంచం పక్కనే ఉన్నాను. ఊళ్లో వాళ్లకు ఫోన్లు చేసింది కూడా నేనే. ఫోనెత్తిన ప్రతివాడూ "అయ్యో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అందరూ ఒకే మాట అడిగారు. "కత్తి యాడుందిమ్మా?"

నాకు ఒళ్లు మండింది. పులివెందుల చుట్టుపక్కల సగం చీనీ తోటలు ఆయన చేత్తో అంటు కట్టినవే. ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు. కానీ వాళ్లు అలా అడగడం ఎందుకో నాకూ తెలుసు. ఆ కత్తి ఇంక ఎవరి చేతికి పోతే వాళ్ల ప్రాణానికి పూచీ లేదు. నాకున్నది ఒక్కడే కొడుకు. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఆ కత్తి గురించి, దానికి ఆయన నూనె పూసే తీరు గురించే రాయాల్సి వస్తోంది. మీరు ఏమీ అనుకోకండి.

కత్తి అంటే వేటకొడవలి కాదు. అరచేతిలో ఇమిడే మడతకత్తి, ఇత్తడి పిడి. చీనీకి, అంటే బత్తాయికి, అంటు కట్టడానికి వాడేది. జంబేరి నిమ్మ మొక్క బెరడు మీద గాటు పెట్టి, మంచి కాపు కాసే చీనీ చెట్టు నుంచి ఒక కన్ను, అంటే మొగ్గ ఉన్న బెరడు ముక్క, కోసుకొచ్చి ఆ గాటులో దూర్చి కట్టేస్తారు. ఆ కన్ను మొలకెత్తితే చెట్టు వచ్చినట్టే. మామ చేతిలో ఎండిపోయిన కన్ను నేను పెద్దగా చూడలేదు. కత్తి ఇనుమును ఆయన "నాలిక" అనేవాడు, మడత పడే కీలును "మోకాలు" అనేవాడు. నాలికకు మోకాలెక్కడిది మామా అని నేను నవ్వితే, "మీ అత్తను చూల్లేదా నువ్వు?" అనేవాడు. మా అత్త లోపలి నుంచి చెంబు విసిరేది.

ఆయన మంచివాడని రాయను. ఆయనకూ అది నచ్చదు. మా ఊరు ముద్దనూరు దారిలో ఉంటుంది. కింద వీధి, పై వీధి అని రెండు పార్టీలు. జెండాలు మారేవి, రంగులు మారేవి, ఊళ్లో మాత్రం ఈ రెండు వీధులే. మేము కింద వీధి. వయసులో ఉండగా ఒక ఎన్నికల రోజు పోలింగు బూతు గుమ్మంలో తన ఈడువాడే అయిన పై వీధి పెద్దాయన కుడిచేతిని మోచేతి కింద నరికింది మా మామే. అందుకు జైలుకు పోయి వచ్చాడు. పైవాళ్లు ఆయన్ని ఎప్పటికీ వదలరని ఊరందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. ప్రొద్దుటూరు నుంచి నేను కొత్త కోడలిగా కుట్టుమిషన్ వెంటబెట్టుకుని దిగినప్పుడు ఆయన అన్న మొదటి మాట, "మా ఇంట్లో అందరూ చించేటోళ్లే. ఇన్నాళ్లకు ఒకరు కుట్టేటోళ్లు వచ్చినారు."

పైవాళ్లు ఆ చేతికి బదులు తీర్చుకున్నది మామ మీద కాదు, మా ఆయన మీద.

అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. మా ఆయనకు జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉంటే, అక్కడే డాక్టరమ్మకు చూపించుకుందామని నేనూ జీపులో పోయాను. తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. జీపు ఆగీ ఆగగానే ముందు అద్దం మీద బాంబు పడింది. డ్రైవరు తలుపు తీసుకుని పొలాల్లోకి పరుగెత్తాడు. పొగలో నుంచి వేటకొడవళ్లు పట్టుకుని మనుషులు వచ్చారు. మొహాలకు గుడ్డలు కూడా కట్టుకోలేదు. ముందున్నవాడు ఒంటిచెయ్యి పెద్దాయన పెద్ద కొడుకు. పెళ్లిళ్లకు పగ అడ్డం రాదని మా పెళ్లికి వచ్చి భోంచేసిపోయినవాడే. నా రెక్క పట్టుకుని కిందికి దించి, "నువ్వు పక్కకు పోమ్మా, నీతో మాకు పని ల్యా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మా దగ్గర ఎంత పగ ఉన్నా ఆడమనిషి మీద కొడవలి ఎత్తరు, ఎత్తితే సొంత వీధివాళ్లే ఇంట్లోకి రానివ్వరు.

మా ఆయన దగ్గర ఉన్న ఆయుధం ఆ అంటుకత్తి ఒక్కటే. నాన్న దగ్గర అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. దాన్ని బయటికి తీసి, బొటనవేలి గోరు గాడిలో పెట్టి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. కొంచెం కదిలి బిగుసుకుపోయింది. మూడోసారి లాగేటప్పుడు గోరు ఊడి వచ్చింది. అప్పుడు మెడ మీద మొదటి దెబ్బ పడింది. కింద పడ్డాక కూడా నరికారు, చేతులు అడ్డం పెడితే చేతులు నరికారు. నేను గేటు స్తంభం పట్టుకుని అరుస్తూనే ఉన్నాను. రైలు పోయింది, గేటు లేచింది. వెనక ఆగిన లారీలు హారను కూడా కొట్టకుండా పక్కనుంచి పోయాయి.

పోలీసుల కంటే ముందు ట్రాక్టరు మీద మామ వచ్చాడు. కొడుకు పక్కన కూర్చుని, పిడికిలి విప్పి, ఆ సగం తెరుచుకున్న కత్తిని తీసి పంచెలో దోపుకున్నాడు. ఏడవలేదు. నాకు ఆ రోజు ఆయన మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

మట్టి చేసి ఇంటికి వచ్చిన సాయంత్రమే మా పార్టీ పెద్దాయన పులివెందుల నుంచి జీపుల్లో దిగాడు. "మనుషుల్ని నేనిస్తా. సామాను నేనిస్తా. నువ్వు ఊఁ అను చాలు" అన్నాడు. సామాను అంటే బాంబులు. మామ అరుగు మీద కూర్చుని ఆ బిగుసుకుపోయిన కత్తిని మోకాలి మీద పెట్టుకుని అన్నాడు.

"సచ్చింది నా కొడుకు. పగ నాది. ఈ కత్తితోనే తీర్చుకుంటా. నేను బతికుండంగా ఇంకొకడు చెయ్యి పెట్టినాడా, వాడు నాకు పై వీధోడితో సమానం."

ఈ మాట విలువ బయటివాళ్లకు తెలియదు, అందుకే చెబుతున్నాను. మా దగ్గర పగకు కూడా వంతు ఉంటుంది. కొడుకు పోతే ముందు వంతు తండ్రిది. ఆయన నాది అన్నాక తమ్ముడైనా, పార్టీవాడైనా చెయ్యి పెట్టకూడదు. పెడితే ఆ తండ్రిని మగతనం లేనివాడన్నట్టే. ఎదుటి పార్టీ కూడా వంతు ఎవరిదో వాళ్లమీదే కన్నేసి ఉంచుతుంది, వీలైతే వాళ్లనే ముందు లేపేస్తుంది. కోర్టులో కేసు నిలబడేది కాదు, నేనొక్కదాన్నే సాక్షిని. అందుకని నేనూ మామ కత్తి మీదే ఆశ పెట్టుకున్నాను. ఆయన వాళ్ల పెద్ద కొడుకును పొడిచి రావాలి, నేను ఆ రక్తం చూడాలి. బిడ్డను కడుపులో పెట్టుకుని రోజూ ఇదే కోరుకున్నాను.

కొన్ని నెలలకు నా కొడుకు పుట్టాడు. ఒక రోజు పసివాణ్ని ఒళ్లో వేసుకుని మిషన్ దగ్గర కూర్చుంటే, మామ ఆ కత్తిని తెరవలేక కటింగ్ ప్లేయరుతో లాగుతున్నాడు. చూడలేక ఇటియ్యి మామా అని తీసుకున్నాను. కీలు చుట్టూ పసుపుపచ్చగా బంక గడ్డకట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాను.

"శెనక్కాయ నూనె. ఏ మతిలేనోడు పూసినాడో గాని! ఎండకు బంక మాదిరి అంటుకపోతాది. మా మిషన్‌కు ఒకసారి మా అమ్మ ఇట్లే పోస్తే చక్రం తిరగనే లేదు" అన్నాను.

మాది శెనక్కాయ పండే నేల. తలుపు కీచుమన్నా, గిలక బిగుసుకున్నా, బండి ఇరుసు అరిచినా చేతికి అందేది ఆ నూనే. మామ ప్లేయరు కింద పెట్టాడు. "అంటుకపోతాదా?" అని ఒక్కసారి అడిగాడు. లేచి తోటకు పోయాడు. ఆ రోజూ మర్నాడూ అన్నం ముట్టలేదు.

మూడో రోజు వచ్చి నా మిషన్ పక్కన చతికిలబడి, "ఎట్ల బాగుచెయ్యాల్నో చెప్పు" అన్నాడు. నాకు మిషన్ సంగతి తెలుసు, ఆయనకు కత్తి సంగతి తెలుసు. ఇద్దరం కలిసి చేసిన పద్ధతి ఇది. ఆయన చివరిదాకా ఇందులో ఒక్క మెట్టు తప్పలేదు.

ముందు కిరసనాయిలు. కత్తిని తెరుచుకున్నంత తెరిచి గిన్నెలో మునిగేట్టు పెట్టాలి. ఒక పూట నానితే బంక మెత్తబడుతుంది. వేపపుల్ల కొసను నమిలి కుంచెలాగా చేసుకుని, కీలులోనూ పిడి లోపలి గాడిలోనూ ఉన్న మట్టి, బెరడు పొట్టు బయటికి తియ్యాలి. సూది పెట్టకూడదు, అది గీసిన గీతలో తుప్పు చేరుతుంది. తర్వాత వేడినీళ్లతో కడిగి, తుడిచి, తెరిచినట్టే ఎండలో పెట్టాలి. తడి ఆరకముందే నూనె వేస్తే నూనె కింద నీళ్లు నిలిచిపోతాయి. పూర్తిగా ఆరాక కీలుకు ఇటు ఒక చుక్క, అటు ఒక చుక్క మిషన్ నూనె. తెరవాలి, మూయాలి, తెరవాలి, మూయాలి. లోపలి మురికి నల్లగా బయటికి వస్తుంది. గుడ్డతో తుడిచి మళ్లీ చుక్క వెయ్యాలి. గుడ్డకు నలుపు అంటనంతవరకూ ఇదే పని. ఆఖర్న పైన మిగిలిన నూనె కూడా తుడిచెయ్యాలి, లేకపోతే ఆ జిడ్డుకే దుమ్మంతా పడుతుంది. మొదట్లో నేను డబ్బా నొక్కి బుడబుడా పోస్తే మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "నూనె మోకాలికి పొయ్యాల, ఒళ్లంతా గాదు. పెండ్లికొడుకును జేస్తాండామా?"

ఇంకొన్ని ఆయన సొంతం. అంటు కట్టబోయే ముందు నాలికను పొడిగుడ్డతో గట్టిగా తుడిచేవాడు. నూనె తగిలితే కన్ను చచ్చిపోతుంది. చీనీ పసరు ఇనుమును నల్లగా తినేస్తుంది, అందుకని పని కాగానే కడిగేవాడు. పదును నాపరాయి మీద పెట్టేవాడు. మొలలో దోపుకోవడం మానేశాడు, చెమటకు తుప్పు పడుతుందని. బొటనవేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకోవాలి, చిటికెన వేలితో కూడా తెరుచుకోవాలి, నెత్తుటి చేత్తో కూడా తెరుచుకోవాలి. ఈ చివరి మాట ఆయన పైకి అనడం నేను ఒక్కసారే విన్నాను.

ప్రతి సాయంత్రం అరుగు మీద, వీధిలో అందరూ చూస్తుండగా కత్తికి నూనె పూసేవాడు. వీధి గొంతు తగ్గించుకుని నడిచేది. "పెద్దాయన తయారైతాండాడు" అని మావాళ్లు మీసాలు దువ్వేవాళ్లు. ఒంటిచెయ్యి ఆయన పెద్ద కొడుకు మా వీధి మొగం చూడటం మానేసి, బస్సెక్కాలంటే చేలగట్ల మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. ఎన్నికలు వచ్చాయి, పోయాయి. మామ మాత్రం నూనె పూస్తూనే ఉన్నాడు.

పైవాళ్లు విసిగిపోయి ఆయన్ని బయటికి లాగాలని చూశారు. ఒక రోజు పట్టపగలే వచ్చి మా చీనీ తోట మొత్తం నరికేశారు. కాపుమీదున్న చెట్లు. మేం పోయేసరికి కాయలన్నీ మట్టిలో దొర్లుతున్నాయి, మొదళ్ల నుంచి నీరు కారుతోంది. మా అత్త గుండెలు బాదుకుంది. మామ ఆ మోళ్ల మధ్య చాలాసేపు తిరిగి, పడిపోయిన కొమ్మల్లో బతికున్న కన్నులు ఏరి తడిగుడ్డలో చుట్టుకున్నాడు. మరుసటి రోజు నారుమడి దగ్గర కూర్చుని అంటు కట్టడం మొదలుపెట్టాడు. నాకు పిచ్చికోపం వచ్చింది.

"ఇంకెన్నాళ్లు మామా పూసేది? నూనె కత్తికి పూస్తాండావా, నా కండ్లకు పూస్తాండావా?" అని అందరి ముందూ అరిచాను.

ఆయన తలెత్తలేదు. "దారం అందుకోమ్మా" అన్నాడు.

నాకు ఓపిక ఉన్నా లేకపోయినా, మా మరిదికి ఓపిక అయిపోయింది. అన్నంటే వాడికి ప్రాణం. ఒక మధ్యాహ్నం మా గడప ముందు జీపు ఆగింది. అందులో మా పార్టీ కుర్రవాళ్లు, కాళ్ల దగ్గర గోనెసంచులు. ఒంటిచెయ్యి ఆయన పెద్ద కొడుకు జమ్మలమడుగులో ఉన్నాడని కబురు తెచ్చారు. మరిది లోపలికి వచ్చి అటక మీది వేటకొడవలి దించాడు. "నాయనకు చాతగాకుంటే నేను పోతా" అన్నాడు. నేను ఆపలేదు. ఆపకపోగా నీళ్లచెంబు అందించాను.

వాడు అరుగు దాటుతుంటే మామ లేచి నిలబడ్డాడు. "యాడికిరా?" అన్నాడు. "అడ్డం రావద్దు నాయనా" అని మరిది ఆయన్ని తోశాడు. అంతే, మామ చేతిలో కత్తి ఎప్పుడు తెరుచుకుందో నాకు కనబడలేదు, చప్పుడు రాలేదు. కొడుకు పిక్కలో దించి కిందికి లాగేశాడు. మరిది కూలబడ్డాడు. నాపరాళ్ల మీద రక్తం కాలువ కట్టింది. జీపులో వాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మామ ఆ కత్తి వాళ్ల వైపు చూపించి అరిచాడు.

"నా వంతు గుంజుకుంటే కన్నకొడుకునైనా ఇట్లే కోస్తా! మీరెంతరా నాకు? పోండి!"

వాళ్లు మరిది లేకుండానే పోయారు. పైవాళ్లకు ముందే తెలిసిపోయినట్టుంది. జమ్మలమడుగు చేరకముందే జీపు మీద బాంబులు పడ్డాయి. మరిదికి పక్కసీటు పట్టిపెట్టిన కుర్రవాడి శవాన్ని దుప్పట్లో మూటగట్టి తెచ్చారు, మోయడానికి ఒక మనిషి చాలాడు. మిగిలినవాళ్లలో కొందరు చచ్చారు, కొందరు జైలుకు పోయారు.

ఆ కబురు రాకముందే నేను మామ మీద పడ్డాను. మిషన్ నూనె డబ్బా ఆయన మొహాన విసిరితే కనుబొమ్మ చిట్లింది. "నా మొగుణ్ని సంపినోణ్ని వదిలిపెట్టి కన్నబిడ్డను పొడుస్తావా? నువ్వొక మనిషివేనా?" అన్నాను. మరిది కాలికి గుడ్డ బిగించి కడుతూనే ఆయన నాకు జవాబు చెప్పాడు. ఇంత పొడుగు మాట ఆయన నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

"పొడిసినందుకు వీడు ఈడ అరుస్తాండాడు. పోనిచ్చింటే వీణ్ని గూడా వాని అన్న మాదిరి గుడ్డలో తెచ్చుకుంటాంటిమి. నేను సంపుతా అంటాండేది సంపేదానికి గాదమ్మా. నేను సంపుతా అన్నంతకాలం ఇంకెవ్వడూ సంపే పనిల్యా, ఇంకెవ్వడూ సచ్చే పనిల్యా. నా కొడుకు చేతిలో కత్తి తెరుచుకోల్యా. దానికి ఎండాకాలం మొదట్ల శెనక్కాయ నూనె పూసిన మతిలేనోడు ఎవడో నీకు తెల్దు. నేనే."

వాళ్లందరి కొడవళ్ల ముందు ఆ చిన్న కత్తి తెరుచుకున్నా ఏం చేస్తుంది మామా అన్నాను, ఆయన్ని ఓదార్చాలని కాదు, నిజమే కాబట్టి. "ఏం చేసేది గాదు. తెరుచుకునింటే మాత్రం వాడు నా మింద నమ్మకంతో పోయింటాడు" అన్నాడు. మామ ఏడవగా నేను చూసింది అప్పుడే. చేతులు రక్తంతో ఉన్నాయని మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఊళ్లో మాత్రం ముసలాయనకు పగ పిచ్చి పట్టిందనీ, కన్నకొడుక్కి కూడా వాటా ఇవ్వడనీ చెప్పుకున్నారు. ఆయన కాదనలేదు. మరిది ఇప్పటికీ కుంటుతాడు. చాలాకాలం తండ్రితో మాట్లాడలేదు. పెళ్లయి బిడ్డ పుట్టాక, ఒక రోజు తనంతట తనే వచ్చి అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

నా కొడుకును మామ అల్లారుముద్దుగా పెంచాడు. అంటు కట్టడం నేర్పాడు, బ్లేడుతో. కత్తి మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు. వాడు పసితనంలో ఒకసారి అందుకోబోతే చెంప పగలగొట్టాడు, ఆ తర్వాత తనే ఎత్తుకుని వీధంతా తిప్పాడు. తనకు ఆయుష్షు తీరితే వంతు మనవడి మీద పడుతుందని ఆయన భయం. అందుకే వాణ్ని ప్రొద్దుటూరులో మా పుట్టింటికి పంపించి చదివించాడు. వాడు ఐటీఐ చేసి అక్కడే బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు పెట్టుకున్నాడు. మామ బతికినన్నాళ్లూ మా ఇంట్లో కొడవలికి ఇంకో ప్రాణం పోలేదు. ఆయనకు నేను పడ్డ రుణం ఇది. ఆయన ఉండగా ఈ మాట మొహం మీద చెప్పి ఉంటే నర్సును తిట్టినట్టే నన్నూ తిట్టేవాడు.

పదకొండో రోజు దివసాలు పెట్టాం. పార్టీ పెద్దాయన కూడా ముసలివాడయ్యాడు, ఇప్పుడు కారులో వచ్చాడు. భోజనాలయ్యాక నలుగురి మధ్యా నిలబడి నా కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"కత్తి తెచ్చి పిల్లోని చేతిలో పెట్టుమ్మా. తాత వంతు ఇంక వీడిదే గదా. పెద్దాయన ఆత్మ శాంతిస్తాది."

వీధి చివర ఒంటిచెయ్యి ఆయన కొడుకులతో వచ్చి నిలబడ్డాడు. పరామర్శకు కాదు. కత్తి ఎవరి చేతికి పోతుందో కళ్లారా చూసుకోవడానికి. ఆ పెద్ద కొడుకు జుట్టు నెరిసింది, కళ్లు మాత్రం నా బిడ్డ మీదే ఉన్నాయి. రైలు గేటు దగ్గర చూసిన కళ్లు అవి. నా కొడుకు మొహం ఎర్రబడింది. నాన్నను ఫోటోలో తప్ప చూడనివాడు, చుట్టూ అందరూ వాణ్నే చూస్తున్నారు. "తేమ్మా" అన్నాడు.

లోపలికి పోయి మామ తలగడ కింది నుంచి కత్తి తీశాను. ఇవ్వనంటే వాడే లాక్కుంటాడు. దాచేస్తే మాత్రం వంతు వాడిది కాకుండా పోతుందా? బయటికి వచ్చాను, జనం దారి ఇచ్చారు. నా కొడుకు చెయ్యి చాచాడు. ఆ చేతిని దాటి పోయి అరుగు మీద కూర్చున్నాను.

"మొగుడు పోయింది నాకు. నా కండ్ల ముందర పోయినాడు. అప్పటికి వీడు పుట్టనే ల్యా. మామ తర్వాత వంతు నాది" అన్నాను, వీధి చివరికి వినబడేట్టు. "నేను సచ్చినంక వచ్చి వీణ్ని అడగండి."

పార్టీ పెద్దాయనకు నవ్వు వచ్చింది. "ఆడదానివి, నువ్వేం జేస్తావమ్మా?"

"నూనె పూస్తా" అన్నాను.

కొందరు నవ్వారు. మరిది నవ్వలేదు. కుంటుకుంటూ లోపలికి పోయి మిషన్ నూనె డబ్బా, పాత గుడ్డ తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను కత్తి తెరిచాను. ఇటు ఒక చుక్క, అటు ఒక చుక్క వేశాను. ఒంటిచెయ్యి ఆయన నా చేతుల వైపు చాలాసేపు చూశాడు. ఆడదాన్ని కాబట్టి నన్ను చంపడానికి వాళ్లకు లేదు, నేను చంపుతానని మావాళ్లకు నమ్మకం లేదు. అది ఆయనకు అర్థమైనట్టుంది. పెద్ద కొడుకు ఏదో అనబోతే ఉన్న ఒక్క చేత్తో వాడి రెక్క పట్టుకుని వెనక్కి తిప్పాడు.

అంతలో ప్రొద్దుటూరు బస్సు హారను వినిపించింది. నా కొడుకు కదల్లేదు. "పోరా, షాపు మూసి ఎన్ని దినాలైతాంది? మోటార్లిచ్చినోళ్లు తిట్టుకుంటాంటారు" అన్నాను. వాడు కోపంగా చూశాడు, పళ్లు కొరికాడు, చివరికి సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. పై వీధి మలుపు దగ్గర ఒంటిచెయ్యి ఆయన కొడుకులు బస్సుకు దారి వదిలి గోడ పక్కకు జరిగారు. అది ముద్దనూరు దారిలో దుమ్ము రేపుకుంటూ కనబడకుండా పోయేదాకా నేను కత్తి తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. గుడ్డకు నలుపు ఇంకా వస్తూనే ఉంది.